నిప్పాణి నుంచి హైదరాబాదు దాకా ఒక కెమెరా

మన ఇళ్ళల్లో పాత ఫోటోల పెట్టె తీస్తే తాతలు కుర్చీల్లో కూర్చుని ఉంటారు, అవ్వలు వెనక నిలబడి ఉంటారు. పని చేస్తున్న అవ్వ ఫోటో దొరకడం కష్టం. అందుకే దీపా ధన్‌రాజ్ గారి సినిమాల గురించి రాస్తున్నా.

1980లో బెంగళూరులో ఆవిడ, అభా భయ్యా, మీరా రావు, కెమెరామన్ నవ్రోజ్ కాంట్రాక్టర్ కలిసి యుగాంతర్ అనే బృందం పెట్టారు. 1983 లోపల నాలుగు చిన్న సినిమాలు తీశారు. పూనాలో ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళ మీద ఒకటి, చిప్కో ఉద్యమం మీద ఒకటి. మిగతా రెండూ మనకి బాగా దగ్గరివి.

ఒకటి మన బెళగావి జిల్లా నిప్పాణిది, 1982లో వచ్చింది. పొగాకు దుమ్ములో రోజంతా పనిచేసే ఆడవాళ్ళు సంఘం కట్టుకుని సమ్మెకి దిగిన కథ. బృందం ముందు వాళ్ళతో నెలల తరబడి గడిపింది. జరిగిపోయిన కొన్ని సంగతుల్ని ఆ కార్మికులే కెమెరా ముందు మళ్ళీ చేసి చూపించారు. అలా చేస్తే డాక్యుమెంటరీ ఎలా అవుతుంది అని అడిగేవాళ్ళున్నారు. నేను టెస్టర్‌ని; బగ్‌ని మళ్ళీ తెప్పించి చూపిస్తే గానీ ఎవరూ నమ్మరని నాకు రోజూ తెలుస్తూనే ఉంటుంది.

రెండోది తెలుగు సినిమా, 'ఇది కథ మాత్రమేనా', 1983. హైదరాబాదు స్త్రీశక్తి సంఘటనతో కలిసి తీశారు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్ళ అనుభవాల్ని 'మనకు తెలియని మన చరిత్ర'గా పుస్తకం వేసింది కూడా ఆ సంఘటనే. ఇందులో మాత్రం పోరాటాలూ తుపాకులూ లేవు. ఒక ఇల్లు, ఒక పెళ్ళి, నాలుగు గోడల మధ్య హింస, అంతే. ఇట్లాంటి ఇల్లు మన బంధువుల్లో లేదని ఎంతమందిమి చెప్పగలం?

తర్వాత 1984 హైదరాబాదు మత ఘర్షణల మీద ధన్‌రాజ్ గారు 'క్యా హువా ఇస్ షహర్ కో' తీశారు, 1986లో. కెమెరా మళ్ళీ నవ్రోజ్‌దే. మణి కౌల్ 'దువిధా'కి పనిచేసింది కూడా ఆయనే. 2023లో రోడ్డు ప్రమాదంలో పోయారు.

యుగాంతర్ సినిమాల్ని బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ డిజిటల్‌గా బాగుచేయించింది. మన భాష సినిమాని జర్మనీ వాళ్ళు కాపాడాల్సి వచ్చిందేమిటా అని నాకు కొంచెం కష్టంగానే ఉంది. అయినా సరే, చూడండి. మన పిల్లలకి తెలుగు చదవడం రాకపోయినా వింటే అర్థమవుతుంది గదా, అదీ అరగంట లోపలి సినిమానే.