బళ్ళారి ఎండల్లో ఇంటి పెరడు: వేసవి ఒడిదుడుకులు

ఇంటి వెనుక ఖాళీ స్థలాన్ని బళ్ళారిలో తెలుగువారు పెరడు అంటారు. కన్నడిగులు హిత్తలు అంటారు. పేర్లు వేరైనా అందులో పెరిగేవి ఒక్కటే. మన బచ్చలి వారికి బసళె, మన బీర వారికి హీరె, మన మునగ వారికి నుగ్గె. ఎండ మాత్రం ఇరువురికీ సమానమే. ఏప్రిల్, మే నెలలలో ఇక్కడ పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సర్వసాధారణం. తుంగభద్ర కాలువలలో నీరు ఆగిన తరువాత నిలవ చేసుకున్న నీరే పట్టణానికి ఆధారం. అట్టి రోజులలో మొక్కకు పోసే ప్రతి చెంబూ ఇంటి అవసరాల నుండి మిగిల్చినదే. కనుక వేసవిలో ఏ మొక్క నుండి ఏమి ఆశించవచ్చునో ముందుగా తెలుసుకొనుట అవసరం.

వెనుకపట్టు పట్టే మొక్కలు

టమాటా వేసవిలో ఏపుగా పెరిగినట్లు కనిపించినా కాయ నిలవదు. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా చల్లబడకపోతే పుప్పొడి శక్తి తగ్గి పూత రాలిపోతుంది. అధిక వేడిలో ఎర్రని వర్ణద్రవ్యం సరిగా ఏర్పడనందున, నిలిచిన కాయలు కూడా పసుపు ఛాయలోనే పండుతాయి. ఇది ఎరువు లోపం కాదు. కొత్తిమీర సరిగా మొలవదు. మొలిచినా త్వరగా పూతకు వస్తుంది. వీటికి నీడ కల్పించి ప్రాణం నిలిపితే చాలు, ఫలసాయం కోరరాదు.

ముందుకు వచ్చే మొక్కలు

ఎండను సద్వినియోగం చేసుకొనే మొక్కలూ కలవు. తోటకూర అట్టిది, నీరు అందితే విత్తిన 25, 30 రోజులకే కోతకు వస్తుంది. గోంగూర, బచ్చలి, మునగ కూడా వేసవిని తట్టుకుంటాయి. మల్లెకు ఇదే పండుగ కాలం. శీతకాలంలో కొమ్మలు కత్తిరించిన పొదలు మార్చి నుండి విరగబూస్తాయి. పూర్వం బళ్ళారి జిల్లాలో ఉండి, 2021 నుండి విజయనగర జిల్లాలో చేరిన హూవిన హడగలి మల్లెకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

పూత ఉన్నా పిందె లేకపోతే

బీర, సొర, గుమ్మడి తీగలకు వేసవిలో మగపూలు ఎక్కువగా వస్తాయి. అడుగున చిన్న పిందె ఉన్నదే ఆడపువ్వు. తేనెటీగల రాక తగ్గినచో మగపువ్వును కోసి, రేకులు తీసివేసి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యభాగానికి మెల్లగా అద్దాలి. గుమ్మడికి ఈ పని తెల్లవారిన వెంటనే చేయాలి. బీర, సొర పూలు సాయంకాలం విచ్చుకుంటాయి గనుక వాటికి సాయంకాలమే తగిన సమయం.

నీరు: ఎప్పుడు, ఎంత

మధ్యాహ్నం ఆకులు వాలినంత మాత్రాన మొక్కకు దాహం వేసినట్లు కాదు. వేళ్ళు అందించగలిగిన దానికంటె ఆకుల నుండి ఆవిరయ్యే నీరు ఎక్కువైనప్పుడు ఆకులు వాలుతాయి, సాయంత్రానికి తేరుకుంటాయి. ఈ సంగతి తెలియక నేను ఒక వేసవిలో వాలిన ప్రతిసారీ నీరు పోసి, కుండీలోని మూడు వంగ మొక్కలను వేళ్ళు కుళ్ళి పోగొట్టుకున్నాను. ఉదయం కూడా ఆకులు వాలి ఉండి, వేలు గుచ్చి చూస్తే మన్ను పొడిగా ఉన్నప్పుడే అది నిజమైన దాహం.

తెల్లవారుజామున పాదు లోపలి దాకా తడిసేలా పోయడం మేలు. పాదుల మధ్య రంగు పూయని మట్టికుండను మెడ వరకు పాతి, నీరు నింపి మూత పెడితే, గోడల గుండా ఊరే చెమ్మ వేళ్ళకు నిదానంగా అందుతుంది. బియ్యం కడిగిన నీరు, కూరగాయలు కడిగిన నీరు నిరభ్యంతరంగా వాడవచ్చు. ఆర్.ఓ. యంత్రం వదిలే నీటిలో లవణాలు అధికం కాబట్టి దానిని నిత్యం పోయరాదు.

నేల సంరక్షణ

నల్లరేగడి ఎండితే నెర్రెలు విచ్చి సన్నని వేళ్ళను తెంపుతుంది. లోపలి తేమ నెర్రెల ద్వారా ఆవిరవుతుంది. పైమట్టిని తేలికగా గుల్లచేసి నెర్రెలు పూడ్చి, వేరుశనగ కాయల పొట్టు, వరిగడ్డి లేదా ఎండుటాకులు పరచాలి. అయితే కాండానికి ఆనకుండా నాలుగు వేళ్ళ ఎడం విడవాలి. మిద్దె మీది కుండీలను కాంక్రీటుపై నేరుగా ఉంచక, ఇటుకలపై ఎత్తి దగ్గర దగ్గరగా పేర్చాలి.

పురుగులు

పొడి వేడిలో ఎర్రనల్లి వంగ, బెండ ఆకుల అడుగున చేరుతుంది. ఆకులపై సన్నని తెల్లచుక్కలు, పలుచని గూడు దీని గుర్తులు. ఆకుల అడుగుభాగాన్ని నీటితో గట్టిగా కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంకాలం చల్లాలి. బెండ ఆకుల ఈనెలు పసుపుపచ్చగా మారితే అది తెల్లదోమ వ్యాపింపజేసే వైరసు తెగులు. దానికి మందు లేదు. మొక్కను పీకివేయడమే ఉత్తమం.

తొలకరి వరకు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన సామెత. మనం కార్తెల పేరుతో చెప్పుకొనే వానలను కన్నడిగులు రోహిణి మళె, మృగశిర మళె అంటారు. మధ్యలో పడే మామిడి జల్లులను చూసి తొందరపడి నారు పోయరాదు. చెమ్మ, ఉక్క కలిసినప్పుడు నారు కుళ్ళిపోవచ్చు. జూన్ రెండవ వారంలో మృగశిర ప్రవేశించి, నేల లోపలి దాకా తడిసిన పిమ్మట బీర, చిక్కుడు, బెండ విత్తుకోవచ్చు.

వేసవిలో పెరటి ఫలితాన్ని కోసిన కాయలతో కొలవరాదు. ఉన్న రెండు బిందెల నీటితో ఎన్ని వేళ్ళను తొలకరి దాకా బ్రతికించగలిగామన్నదే కొలత. కరివేపాకు చెట్టు, మల్లెపొద, నిమ్మమొక్క వంటి బహువార్షికాలకు మొదటి చెంబు, ఆకుకూరలకు రెండవది, మిగిలితేనే తక్కిన వాటికి. ఈ క్రమం పాటించిన పెరడు జూన్ వానకు మళ్ళీ చిగురిస్తుంది.