అవ్వా, హెరాల్డూ, మర్రిమానూ

ఎక్కండి, ముందు సీటు మీదే. వెనక అవ్వ, పిల్లలిద్దరు, వాళ్ళ కాళ్ళ దగ్గర ఉడకబెట్టిన గెనుసుగడ్డల గంప. డిక్కీలో స్టెప్నీ, స్పానర్ల సంచి, నీళ్ళ డబ్బా, పాత లుంగీ ముక్క. ఆ లుంగీ ముక్కను తేలిగ్గా చూడకండి. ఈ రోజు దానితో పని పడుతుంది.

1986, శివరాత్రి. కదిరిలో పొద్దున తొమ్మిది దాటింది. అవ్వ ఒక్కపొద్దు. నంబులపూలకుంటకు పోయి అక్కడున్న ఆమె చెల్లెల్ని, అంటే మా చిన్నవ్వను ఎక్కించుకుని, ఇద్దర్నీ తిమ్మమ్మ మర్రిమాను తిరునాళ్ళకు చేర్చాలి. మా ఆవిడ ఇంట్లో పూజ ముగించుకుని మధ్యాహ్నం బస్సుకు వస్తానంది. ఆమెకు ఈ బండి మీద నమ్మకం తక్కువ.

"ఏమిరా, ఇది పోతాదా, మేమూ బస్సుకే పొయ్యేదా?" అంటోంది అవ్వ. ఎక్కిన ప్రతిసారీ అడుగుతుంది.

చోక్ నాబ్ పూర్తిగా లాగాను. తాళం తిప్పితే సెల్ఫ్ రెండు సార్లు మూలిగి, మూడోసారికి ఇంజన్ అందుకుంది. 948 సీసీ, నాలుగు సిలిండర్లు, సుమారు 35 హార్స్‌పవర్. ఇప్పుడు ఆ నాబ్ మీరే మెల్లగా లోపలికి నెట్టండి. ఒక్కసారిగా నెడితే ఆగిపోతుంది. చప్పుడు వింటూ కొంచెం కొంచెం నెట్టాలి. ఆఁ, అంతే. ఇంజన్ వణుకు తగ్గి, గేరు రాడ్ తల మీద చిన్న అదురు మాత్రం మిగిలింది చూశారా, ఇక బయల్దేరొచ్చు.

బండి పేరు స్టాండర్డ్ హెరాల్డ్. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ అంటారు. మన దేశంలో మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు 1961 నుంచి తయారుచేశారు. ఆ రోజుల్లో మనకున్నవి ముచ్చటగా మూడు కార్లు. అంబాసిడర్ ఆఫీసర్లది, ఫియట్ డాక్టర్లది, హెరాల్డ్ కొంచెం సోకు ఉన్నవాళ్ళది. నాకు సోకు ఉందని కాదు, సెకండ్ హ్యాండ్‌లో నా జీతానికి అందింది ఇదే. లేత నీలం రంగు, మార్క్ 3. నాలుగు తలుపులు. ఇది మద్రాసు వాళ్ళ తెలివి. ఇంగ్లండులో హెరాల్డ్ సెలూన్‌కు ఎన్నడూ రెండు తలుపులే. ముందు సీటు వంచి, ఆ సందులోంచి చీరకొంగు సర్దుకుంటూ అవ్వ వెనక్కు దూరడం ఊహించుకోండి. మన ఇళ్ళలో కారు కొనేవాడు ఒకడు, ఎక్కేవాళ్ళు ఏడుగురు అని మద్రాసు వాళ్ళకు తెలుసు.

బజారులో మల్లెపూల గంపల వాసన మీ అద్దం లోంచి లోపలికి వచ్చేసింది. నరసింహస్వామి గోపురం కనబడగానే అవ్వ చేతులు జోడించి, పిల్లల తలలు కూడా వంచింది. వచ్చే నెల ఫాల్గుణంలో స్వామి తేరు. స్టేషన్ దిక్కు నుంచి మీటర్ గేజ్ బండి కూత. ఇక రాయచోటి రోడ్డు.

ఊరు దాటాక స్టీరింగ్ మీద ఒక చెయ్యి వేసి చూడండి. ఇంత తేలికగా తిరిగే స్టీరింగ్ ఆ కాలంలో పెద్ద కార్లకు లేదు. రోడ్డు మీది ప్రతి గులకరాయి అరచేతికి తెలుస్తుంది. మూడో గేరులో సుఖంగా పోతుంది, నాలుగులో ఎక్కడం వస్తే ఆయాసపడుతుంది. మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు కాబట్టి బండి పూర్తిగా ఆగాకే వెయ్యాలి, తొందరపడితే గరగరమని తిడుతుంది. తలుపులు నాలుగూ నాలుగు రకాలుగా కొట్టుకుంటాయి. వెనక ఎడమ తలుపు చప్పుడును బట్టి అవ్వ అటు ఆనుకుందో లేదో నాకు ఇక్కడి నుంచే తెలుస్తుంది.

దిగి చూస్తే ఇంకో సంగతి కనబడేది. వెనక చక్రాలు రెండూ దేనికదే పైకీ కిందికీ ఊగుతాయి, మధ్యలో అడ్డంగా ఒకే కట్ట పట్టీ. బండి ఖాళీగా ఉంటే చక్రాలు నిటారుగా ఉంటాయి. జనం ఎక్కితే కింది అంచులు బయటికి జరుగుతాయి, కావడి ఎత్తుకున్నవాడు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డట్టు. బరువుతో ఉన్నప్పుడు బండి మలుపుల్లో బాగా నిలుస్తుంది. ఒంటరిగా పోతూ మలుపులో ఉన్నట్టుండి బ్రేకు తొక్కితేనే వెనక భాగం జారుతుంది. అందుకే నేను అవ్వ లేకుండా వేగంగా పోను.

రోడ్డుకు రెండు పక్కలా ఖాళీ చేలు. శెనక్కాయ ఎప్పుడో పీకి, కట్టె వాములు వేసేశారు. బావుల కింద వేసిన మళ్ళు మాత్రం అక్కడక్కడా పచ్చగా ఉన్నాయి. గాండ్లపెంట వచ్చింది. వేమన సమాధి ఉన్న కటారుపల్లె ఈ దిక్కే. పిల్లలు దిగుదామన్నారు, తిరుగు ప్రయాణంలో అన్నాను. (ఆ మాట నేను ప్రతి ప్రయాణంలోనూ చెబుతాను.) ఆపైన రోడ్డు సన్నబడింది. గుట్టలు, గుండ్లు, తుమ్మచెట్లు. తారు అంచులు కొరుక్కుపోయి ఎదురు బస్సు వస్తే ఎవరో ఒకరు మట్టిలోకి దిగాల్సిందే. ఆ ఒకరు ఎప్పుడూ మనమే.

నంబులపూలకుంటలో చిన్నవ్వ అప్పటికే వీధి అరుగు మీద మూట పెట్టుకుని కూర్చుంది. మండలాలు వచ్చి ఏడాది కూడా కాలేదు, ఊరివాళ్ళు ఇంకా తాలూకా లెక్కలోనే మాట్లాడుతున్నారు. కారు ఆగగానే మేకపిల్లలు, పిల్లకాయలు, ఒక కుక్క చుట్టూ చేరాయి. మజ్జిగ తాగి పొమ్మన్నారు. అవ్వలు ఒక్కపొద్దు, మనం కాదు కాబట్టి మీరూ నేనూ రెండేసి చెంబులు తాగాం. చిన్నవ్వ ఎక్కింది. వెనక చక్రాలు ఇంకొంచెం ఎడమయ్యాయి.

ఈ నేల గురించి ఒక్క మాట. మీరిప్పుడు చూస్తున్న రాళ్ళ బీళ్ళు, మేకలకు తప్ప ఎవరికీ పనికిరావని ఊరివాళ్ళు అంటున్న ఈ ఎండ, ముప్పయ్యేళ్ళ తర్వాత కరెంటు అయింది. ఎన్‌టీపీసీ 250 మెగావాట్ల సౌర విద్యుత్తు 2016లో ఇక్కడ మొదలైంది. సోలార్ పార్కు గాలివీడు వైపు దాకా వేల ఎకరాల్లో పరుచుకుంది. 1986లో మాత్రం ఈ ఎండతో మనకు జరగబోయేది వేరు.

మర్రిమాను దారిలోకి తిరిగాక ముందు ఎద్దుల బండ్లు. ఒకటి కాదు, కంటికి ఆనినంత దూరం. గంటలు, పసుపు పూసిన కొమ్ములు, బండ్ల మీద నిద్రపోతున్న పిల్లలు. మొదటి గేరు, ఆగడం, మళ్ళీ మొదటి గేరు. ఎండ నడినెత్తికొచ్చింది. మీ కాళ్ళ దగ్గర వేడి తెలుస్తోందా? ఇంజన్ ఒకసారి దగ్గింది. ఇంకోసారి. యాక్సిలరేటర్ తొక్కితే గుర్రుమని, సమాధానం లేకుండా ఆగిపోయింది.

"నే జెప్పలా?" అంది అవ్వ. ఏం చెప్పిందో మాత్రం చెప్పలేదు.

మనుషులను చెట్టు నీడకు చేర్చి రండి. ఇప్పుడు తమాషా చూద్దురు గాని. బానెట్‌కు రెండు పక్కలా ఉన్న కొక్కేలు విప్పండి, మీరు అటు, నేను ఇటు. ఇప్పుడు ఎత్తండి. లేచింది మూత ఒక్కటే కాదు, మడ్‌గార్డులు, హెడ్‌లైట్లు, మూతి, అన్నీ కలిసి ముందుకు ఒరిగాయి. ముందు భాగం మొత్తం తెరుచుకుని, చక్రాలూ ఇంజనూ గొట్టాలూ ఆరుబయట నిలబడ్డాయి.

"రేయ్, కారు నోరు తెరిసినాది రోయ్!" ఎద్దుల బండి మీది పిల్లవాడి కేక. నిమిషంలో పాతిక మంది.

ఇదిగో, ఈ ముందు టైరు మీద కూర్చోండి. హెరాల్డ్ మెకానిక్కుకు ఇదే కుర్చీ. వంగి నడుం పట్టుకోవడం, తల బానెట్‌కు తగలడం ఈ బండితో లేవు. ఇంజన్ పక్కన ఆ చిన్న గుండ్రటి డబ్బా, పైన గాజు మూత ఉన్నది, పెట్రోల్ పంప్. వేలు పెట్టకండి, కాలుతుంది. లోపల పెట్రోలు వేడికి ఆవిరైంది. పంప్ ఆవిరిని తోడలేదు, కార్బ్యురేటర్‌కు చుక్క అందదు. ఆ కాలపు కార్లకు మన ఎండలో ఈ తంటా మామూలే. మందు కూడా మామూలుదే. లుంగీ ముక్క తీసి, డబ్బా నీళ్ళలో తడిపి, పంప్‌కు చుట్టాను. చుయ్యిమంది. ఇక పది నిమిషాలు ఆగడమే.

తలపాగా పెద్దాయన ఒకాయన దగ్గరికొచ్చాడు. "ఏమప్పా, నీళ్ళు గావాల్నా?" అంటూ బండి కింద వేలాడుతున్న కుండ విప్పుకొచ్చి, గుడ్డ మీద దోసెడు పోశాడు. తర్వాత కారులోకి తొంగిచూసి, "బోల్టులన్నీ కనబడతాండాయే, మా మడక మాదిరి విప్పుకోవచ్చా?" అని అడిగాడు.

విప్పుకోవచ్చు పెద్దాయనా, అదే దీని కథ. స్టాండర్డ్ కంపెనీకి ఇంగ్లండులో కారు బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్‌లో అనే ఫ్యాక్టరీని 1953లో పోటీదారు బీఎంసీ కొనేసింది. కొత్త పద్ధతిలో ఒకే ముద్దగా అతికిన బాడీ చేసిపెట్టేవాళ్ళు లేరు. అందుకని ఇంజనీరు హ్యారీ వెబ్‌స్టర్ బృందం పాత కాలం లాగా విడిగా ఛాసిస్ వేసి, దాని మీద బాడీని ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించింది. రూపం మాత్రం ఇటలీలోని ట్యూరిన్‌లో మికెలోత్తి గీశాడు. 1959 ఏప్రిల్‌లో లండన్‌లో విడుదల. అంతకు ముందే ఆఫ్రికా దక్షిణపు కొస కేప్‌టౌన్ నుంచి ఉత్తరాన టాంజియర్ దాకా నడిపి పరీక్షించారు. కాబట్టి ఎడారి దుమ్ము దీనికి కొత్త కాదు, ఎద్దుల బండ్ల వెనక నడక మాత్రం కొత్త.

అక్కడ గతిలేక చేసింది ఇక్కడ కలిసొచ్చింది. నా బండి ఎడమ మడ్‌గార్డు ఒకసారి గేదెకు తగిలి సొట్టపోతే, కదిరి మేస్త్రి ఆ ముక్క ఒక్కటే విప్పి, చెట్టు కింద చెక్క సుత్తితో సరిచేసి, సాయంత్రానికి బిగించాడు. వెల్డింగు లేదు, పట్నం పోవాల్సిన పని లేదు. పాయింట్లు, ప్లగ్గులు, ఫ్యాన్ బెల్ట్ కావాలంటే బెంగళూరు జేసీ రోడ్డు. అక్కడ లేనిది మద్రాసు పుదుపేటలో, పాత బండ్ల గుట్టల్లో దొరుకుతుంది. ఇంజన్ గురించి నాకు చదువు లేదు. టైరు మీద కూర్చుని, మేస్త్రి అడిగిన స్పానర్ అందిస్తూ నేర్చుకున్నదే. తర్వాత నేను కొన్న కార్లేవీ నన్ను అంత దగ్గరికి రానివ్వలేదు. వాటి బానెట్ ఎత్తితే నల్ల ప్లాస్టిక్ మూత కనబడుతుంది, ముట్టుకోవడానికి ఏమీ ఉండదు.

గుడ్డ చల్లబడింది. తాళం తిప్పండి. ఒకటి, రెండు... పట్టింది! పాతిక మందీ కేకేశారు. చిన్నవ్వ కారు మూతికి దిష్టి తీసింది, బానెట్ ఇంకా మూయకముందే.

అర మైలు పోయామో లేదో, ముందు దారి మూసుకుపోయింది, పక్క బాట పట్టమన్నారు. ఇక్కడ జీపులు రివర్సులు కొడుతున్నాయి, ఒక లారీ అడ్డం తిరిగి ఇరుక్కుంది. మనం? స్టీరింగ్ ఆఖరి దాకా తిప్పాను. ముందు చక్రాలు నమ్మలేనంత అడ్డంగా తిరిగాయి. ఇరవై అయిదు అడుగుల చోటు చాలు, బండి ఒక్క ఊపులో మొహం మార్చేసింది. జీపు డ్రైవర్ నోట్లో బీడీ అలాగే ఉండిపోయింది. ఈ ఒక్క విద్య చూపించడానికి నేను అవసరం లేకపోయినా కదిరి నాలుగు రోడ్ల కూడలిలో బండి తిప్పేవాణ్ణని ఊళ్ళో ఒక మాట ఉంది. నేను కాదనను.

మర్రిమాను వచ్చింది. కారు నీడలో పెట్టాలంటే వెతుక్కోనక్కర్లేదు, నాలుగు ఎకరాలకు పైగా నీడే. మొదలు ఏదో, ఊడ ఏదో తెలియదు. వెయ్యికి పైగా ఊడలు నేలలో దిగి తామే మానులయ్యాయి. 1434లో తిమ్మమ్మ భర్తతో సహగమనం చేసిందని, ఆ చితి పందిరి గుంజ ఒకటి చిగురించి ఇంతయిందని చెప్పుకుంటారు. పిల్లలు లేని దంపతులు ఇక్కడ మొక్కుకుంటారు. మూడేళ్ళ తర్వాత, 1989లో, బెంగళూరు విలేకరి సత్యనారాయణ అయ్యర్ పట్టుదల వల్ల ఇది గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఈ రోజు మాత్రం బొరుగులు, గాజులు, రంగుల రాట్నం, భజనలు. అవ్వలిద్దరూ మూటలు దించుకుని జాగారానికి చోటు చూసుకున్నారు. మా ఆవిడ అప్పటికే వచ్చి కూర్చుంది. మధ్యాహ్నం బస్సు మనకన్నా ముందొచ్చిందట. ఆమె ఏమీ అనలేదు, పంప్‌కు చుట్టిన తడి గుడ్డను మాత్రం ఒకసారి చూసింది.

పిల్లలు నిద్రకు తూలుతున్నారు. రేపు పొద్దున అవ్వలను తీసుకుపోవడానికి మళ్ళీ వస్తాను. మీరు ఏమనుకోకండి, ముందు సీటు ఇప్పుడు మా ఆవిడది. వెనక పిల్లలతో పాటు గాండ్లపెంట దాకా ఒక బాలింత, ఆమె తమ్ముడు వస్తున్నారు, బస్సు తప్పిపోయింది పాపం. మీరు ఎడమ తలుపు వైపు సర్దుకోండి. ఆ తలుపు విసిరి కొట్టొద్దు, తిరిగి తెరుచుకుంటుంది. కొంచెం పైకి ఎత్తి, మోచేత్తో నొక్కండి.