చిన్న ఏబీసీడీల పుట్టిల్లు

నాలుగు గీతల పుస్తకంలో పిల్లలు దిద్దే చిన్న ఏబీసీడీలు ప్రాచీన రోమ్ నుంచి వచ్చాయనే చాలామంది అనుకుంటాం. కానీ రోమన్లు శాసనాలకు చెక్కించినవన్నీ పెద్ద అక్షరాలే. రోజువారీ రాతకోతలకు వాడింది చదవడానికి కష్టమైన గొలుసుకట్టు. చిన్న అక్షరాలకు ఇప్పటి పొందిక కుదిరింది పడమటి రోమన్ సామ్రాజ్యం కూలిన మూడొందల ఏళ్లకు. ఆ రోమ్‌ను తిరిగి నిలబెట్టాలనుకున్న రాజు ఏలుబడిలో.

ఆయన ఫ్రాంకుల రాజు షార్లమేన్. 800 క్రిస్మస్ నాడు రోమ్‌లో పోపు మూడో లియో చేతుల మీదుగా చక్రవర్తి కిరీటం పెట్టించుకున్నాడు. ఆఖెన్‌లో కట్టించిన ప్రార్థనాలయానికి రోమ్, రావెన్నాల నుంచి స్తంభాలు మోయించాడు. స్తంభాలైతే వచ్చాయి. పన్నుల డబ్బుతో జీతాలిచ్చి పోషించే సైన్యం, కొలువుల యంత్రాంగం రాలేదు. ఆయన దగ్గర సేవకు ప్రతిఫలంగా ఇవ్వడానికి ఉన్నది ఎక్కువగా భూమే. అలాంటి నేలలో పాత రాజ్యం మళ్లీ మొలవడం అసాధ్యమనే నా నమ్మకం.

చదువు మాత్రం మొలిచింది. ఇంగ్లండులోని యార్క్ నుంచి ఆల్క్విన్ అనే పండితుణ్ణి ఆయన తన కొలువుకు రప్పించుకున్నాడు. మఠాల్లో బడులు పెట్టాలని, పుస్తకాల్లో తప్పులు దిద్దాలని 789లో ఆజ్ఞ వెలువడింది. అప్పటికి ప్రాంతానికో రాత. కోర్బీ వంటి మఠాల్లో రూపు దిద్దుకుంటున్న కొత్త రాతలో అక్షరాలు గుండ్రంగా, విడివిడిగా ఉండేవి. అదే క్రమంగా రాజ్యమంతా పాకింది. మాటకూ మాటకూ నడుమ ఖాళీ వదలడమూ స్థిరపడుతూ వచ్చింది. గొర్రె తోళ్ల మీద, దూడ తోళ్ల మీద లేఖకులు ఓపికగా ఎక్కించిన ఆ ప్రతులే లేకపోతే రోమన్ కవి లుక్రీషియస్ కావ్యం మనకు దక్కేదా?

చక్రవర్తికి మాత్రం రాయడం రాదు. పలకలు దిండు కింద పెట్టుకుని, తీరిక దొరికినప్పుడల్లా అక్షరాలు దిద్దేవాడనీ, వయసు మళ్లాక మొదలుపెట్టడంతో చేయి తిరగలేదనీ ఆయన చరిత్ర రాసిన ఐన్‌హార్డ్ చెప్పాడు. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా ఆ ముసలి రాజు మీద నాకు ఆపేక్ష పుడుతుంది.

తర్వాతి శతాబ్దాల్లో ఇరుకైన గోతిక్ రాత వచ్చి ఆ గుండ్రటి రాతను పక్కకు నెట్టింది. 1400 దాటాక పోజ్జో బ్రాచ్చోలినీ వంటి ఫ్లోరెన్స్ పండితులు రోమన్ గ్రంథాల కోసం మఠాలు గాలించారు. పాత ప్రతుల్లోని ఈ తేటైన రాతకు ముచ్చటపడి, ‘ప్రాచీన లిపి’ అని పిలుస్తూ అనుకరించారు. 1470లో వెనిస్‌లో నికొలా జెన్సన్ దాన్ని అచ్చు అక్షరాలుగా పోతపోశాడు. పెద్దక్షరాలు రోమన్ల శాసనాలవి, చిన్నవి ఫ్రాంకుల మఠాలవి. రెండింటికీ కలిపి నిలిచిన పేరు ‘రోమన్’.