జైపాల్ సింగ్ లేవనెత్తిన విల్లంబుల మాట

ఇటుకల పండుగ వచ్చిందంటే మన విశాఖ మన్యంలో మగవాళ్లు విల్లంబులు, బరిసెలు పట్టుకొని అడవిదారి పడతారు. కొత్తగా చూసినవాళ్లకు ముందు కనబడేది ఆ ఆయుధాలే. అమెరికా రాజ్యాంగానికి 1791లో చేర్చిన రెండో సవరణ ఆయుధం పట్టే హక్కునిచ్చిందని పాఠాల్లో చదివిన మన పిల్లలు, మనకూ అలాంటి హక్కు ఉందా అని అడుగుతున్నారు. లేదు. అడిగినవాళ్లు మాత్రం ఉన్నారు. వారి గురించి మనం తెలుసుకోవాలి.

బ్రిటిష్ పాలకులు 1878లో ఆయుధాల చట్టం తెచ్చి, లైసెన్సు లేకుండా భారతీయుడు ఆయుధం ఉంచుకోవడం నేరమన్నారు. తెల్లవారికి మాత్రం మినహాయింపు. ఆ పాలన చేసిన దుర్మార్గాల్లో ఇది అతి నల్లనిదని గాంధీజీ తన ఆత్మకథలో రాసుకున్నారు. మన కొండల్లో ఆ మాటకు అర్థం 1922లో తేలింది. అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర, వారి వెంట నడిచినవారు ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీదికి వెళ్లారు. అక్కడ వారికి కావలసింది తుపాకులు, తూటాలు. విల్లంబులతో మాత్రమే ఆ ప్రభుత్వాన్ని ఎదిరించలేమని వారికి తెలుసు.

1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానం, నియమాలకు లోబడి ఆయుధం కలిగి ఉండడం పౌరుని హక్కు అని ప్రకటించింది. 1948 డిసెంబరు మొదట్లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్నే గుర్తుచేస్తూ ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని సవరణ తెచ్చారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. రాజ్యానికి ఆపద వచ్చినప్పుడు ఆయుధం పట్టడం పౌరుని బాధ్యత కావాలే గాని, ఎవరికి వారు బజారులో ఆయుధాలు కొనుక్కునే హక్కు ఇస్తే పాలన సాగదని ఆయన వాదం. తుపాకుల విషయంలో ఆయన మాట సరైనదే అని మేమూ అనుకుంటాం.

కాని అదే చర్చలో రాంచీ నుంచి వచ్చిన జైపాల్ సింగ్ ముండా మరో సంగతి చెప్పారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టుకు కెప్టెన్‌గా ఉన్నది ఈయనే. ఆయుధాల చట్టాన్ని ఆదివాసీల మీద దురుద్దేశంతో వాడుతున్నారని, విల్లంబులు, గొడ్డళ్లు చేతిలో ఉన్నంత మాత్రాన అల్లర్లకు సిద్ధమవుతున్నారని కొందరు ప్రచారం చేస్తున్నారని, అవి తరతరాలుగా తమ వెంట ఉన్నవేనని ఆయన వివరించారు. కామత్ అడిగింది కొత్త హక్కు. జైపాల్ సింగ్ చెప్పింది అప్పటికే ఉన్న బతుకు గురించి. ఈ తేడా మనవాళ్లే చాలామంది గమనించరు.

చివరికి 19వ అధికరణంలో, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు మిగిలింది. సిక్కుల కిర్పాణ్‌ను 25వ అధికరణం వివరణలో పేరుపెట్టి గుర్తించారు. మన విల్లుకు అలాంటి వాక్యం లేదు. ఆ రాజ్యాంగం కింద 1952లో జరిగిన తొలి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికైనవారిలో ఆ గాం మల్లుదొర ఒకరు!

తర్వాత వచ్చిన చట్టాలు చూడండి. 1959 ఆయుధాల చట్టం, కేవలం ఇంటి పనికి, వ్యవసాయానికి తయారైన వస్తువులను ఆయుధాల లెక్కలోంచి తీసేసింది. పంట కాపలాకు నాటు తుపాకీకి లైసెన్సు అడిగే వీలూ ఉంచింది. అంటే వస్తువు దేనికోసమన్నది చట్టం కొంతవరకు చూస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మాత్రం ‘ఆయుధం’ అనే మాటకు అర్థం చెబుతూ విల్లు, బాణాలను పేరుపెట్టి చేర్చింది. కిర్పాణ్ పేరు రాజ్యాంగంలో ఉంటే, మన విల్లు పేరు వేట నిషేధ చట్టంలో ఉంది.

అడవిలో జంతువులు తగ్గిపోయాయి, వాటిని కాపాడాలి. అందులో మాకు రెండో మాట లేదు. అయితే పండుగనాడు పట్టే విల్లు, పోడు కొట్టే గొడ్డలి, రాత్రి చేను కాపలాకు వెళ్లేవాడి చేతిలోని బరిసె ఒకటి కావు. ఆచార సంప్రదాయాలను కాపాడుకునే అధికారం 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది. వచ్చే ఇటుకల పండుగలోగా మా ఊళ్ల గ్రామసభల్లో ఏ పనిముట్టు ఎందుకు పడతామో పెద్దలచేత చెప్పించి, వారి మాటల్లోనే రిజిస్టరులో రాయించాలని నిర్ణయించుకున్నాం.