పెట్టె మారితే ఆటా మారింది

రాతి పనిముట్లు పోయి ఇనుప నాగలి వచ్చాక వ్యవసాయమే మారిపోయిందని చరిత్ర పాఠంలో చదువుకున్నాం. వీడియో గేముల్లో కూడా అట్లాగే జరిగిందా అని నాకు సందేహం వచ్చింది. గత 30 ఏళ్లలో బెంగళూరులో మనవాళ్లు ఏ యంత్రాల మీద ఆడారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగాను, కొంత చదివాను. తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

మొదట టీవీ కాలం. జపాన్‌కు చెందిన నింటెండో కంపెనీ 1983లో ఫ్యామికామ్ అనే యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. 1990ల్లో మన దేశంలో చాలా ఇళ్లకు చేరినవి దాని నకళ్లు. టీవీకి వైరు తగిలించి, కేసెట్ పెట్టి ఆడేవాళ్లు. ఆట రాకపోతే కేసెట్ తీసి నోటితో ఊదేవాళ్లంట! పెట్టెతో పాటు రెండు జాయ్‌స్టిక్కులు వచ్చేవి. అందుకే కాంట్రా లాంటి ఆటను మా చిన్నాన్న, మా నాన్న పక్కపక్కనే కూర్చుని ఆడారు. ఒకడు చస్తే ఇంకొకడు కాపాడాలి. ఇద్దరు కలిసి ఆడడం ఆ పెట్టెలోనే ఉంది.

ఇంకో సంగతి నాకు చాలా ఆశ్చర్యం కలిగించింది. జపాన్ టీవీలో తెర సెకనుకు సుమారు 60 సార్లు మారుతుంది. మన పాత టీవీలో 50 సార్లే. ఆ రోజుల్లో చాలా ఆటల వేగం తెర వేగం మీదే ఆధారపడేది. కాబట్టి 60కి తయారుచేసిన ఆటను ప్రత్యేకంగా సరిచేయకుండా 50లో నడిపితే నెమ్మదిస్తుంది. అక్కడి పిల్లవాడు 50 సెకన్లలో దాటే దారికి ఇక్కడ 60 సెకన్లు పడుతుంది. కేసెట్ ఒకటే అయినా ఆడిన ఆట ఒకటి కాదు!

బాతులను కాల్చే తుపాకీ ఆట డక్ హంట్ కథ కూడా ఇంతే. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణంపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి గడి కనిపిస్తుంది. తుపాకీలోని సెన్సర్ ఆ వెలుగును పసిగడుతుంది. పాత డబ్బా టీవీలో బొమ్మ వెంటనే పడేది కాబట్టి ఇది పనిచేసింది. పలచటి ఎల్‌సీడీ టీవీల్లో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది, అందుకే ఆ తుపాకీ పనికిరాదు. టీవీ మారింది, ఒక ఆట పోయింది.

తర్వాత కంప్యూటర్ కాలం. 1996లో బ్రిగేడ్ రోడ్డులో కేఫ్ కాఫీ డే మొదటి దుకాణం తెరిచినప్పుడు అది కాఫీతో పాటు ఇంటర్నెట్ కూడా ఇచ్చే చోటు. తర్వాత మన వీధుల్లోకి కూడా సైబర్ సెంటర్లు వచ్చాయి. అక్కడ కౌంటర్ స్ట్రైక్ బాగా నడిచింది. అది 1998 నాటి హాఫ్ లైఫ్ మీద కట్టిన ఆట, ఖరీదైన కంప్యూటర్ అక్కర్లేదు. కంప్యూటర్లను వైర్లతో కలిపి పదిమంది ఒకే గదిలో ఆడేవాళ్లు. మంచి మౌస్ ఉన్న సిస్టమ్ కోసం మా మామయ్య ముందుగానే వెళ్లి కూర్చునేవాడు. అడుగున బంతి ఉండే మౌస్‌లో దుమ్ము చేరితే గురి తప్పుతుంది మరి. ఎస్.పి. రోడ్డులో విడిభాగాలు కొని సొంత కంప్యూటర్ చేయించుకున్నప్పుడు, ఉన్న డబ్బుతో ర్యామ్ ఎక్కువ వేయించుకున్నాడు, గ్రాఫిక్స్ కార్డు వేయించుకోలేదు. దాంతో కొత్త ఆటలు ఆగి ఆగి నడిచేవి. నీడలు, పొగ అన్నీ ఆపేసి ఆడేవాడు. ఆ ఆటల్లో నీడలు ఉంటాయని చాలా రోజులకు గానీ చూడలేదంట.

మన ఊరి యంత్రం ఒకటి కూడా చెప్పాలి. భారతీయ విజ్ఞాన సంస్థ ప్రొఫెసర్లు ముందుండి రూపొందించిన సింప్యూటర్. దాని రకాల్లో అమిడా అనేది 2004లో అమ్మకానికి వచ్చింది. తయారీ కూడా ఇక్కడి భారత్ ఎలక్ట్రానిక్స్‌లోనే. చేతిలో పట్టుకుని వంచితే ఆ కదలికను గుర్తించే సెన్సర్ అందులో ఉంది. ఐఫోన్ రావడానికి అప్పటికి ఇంకా 3 ఏళ్లు ఉంది! కానీ సింప్యూటర్ అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. వంచి ఆడే ఆటలు మనవాళ్లకు స్మార్ట్‌ఫోన్‌తోనే అలవాటయ్యాయి. యంత్రం తెలివైనదైతే చాలదు, జనం చేతికి అందాలి.

ఇప్పుడు ఫోన్ కాలం. 2016లో జియో వచ్చాక డేటా చవకైంది. 2018లో పబ్జీ మొబైల్ వచ్చింది. 2020 సెప్టెంబరులో మన దేశంలో దాన్ని నిషేధించారు. తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్లలో కూడా నడిచేది కాబట్టి ఫ్రీ ఫైర్ మా వీధిలో ఎక్కువమంది ఆడారు. పబ్జీలో కంప్యూటర్ మీద ఎమ్యులేటర్‌తో ఆడేవాళ్లను వేరుగా జతచేసేవాళ్లు. మౌస్ పట్టినవాడికి, వేలితో తెర రుద్దేవాడికి పోటీ సమానం కాదని ఆట తయారుచేసినవాళ్లే ఒప్పుకున్నట్టు కదా! మరి ఫోన్‌కీ ఫోన్‌కీ ఉన్న తేడా మాటేమిటి?

మా క్లాసులో ఒక అబ్బాయికి వాళ్ల అమ్మ పని నుంచి వచ్చాకే ఫోన్ దొరుకుతుంది. అది పాత ఫోన్, కాసేపటికే వేడెక్కి ఆగిపోతుంది. శత్రువు కనిపించేసరికి వీడు చచ్చిపోయి ఉంటాడు. అందరూ "నూబ్" అని ఏడిపిస్తే ఆడడమే మానేశాడు. కానీ క్యారమ్స్‌లో వాడిని ఓడించినవాళ్లు మా క్లాసులో లేరు. అక్కడ బోర్డు ఒకటే, స్ట్రైకర్ ఒకటే.

పెద్దవాళ్ల కాలంలో పెట్టె చవకబారుదైనా ఇద్దరికీ అదే పెట్టె, అదే తెర. సైబర్ సెంటర్లో మంచి మౌస్ ముందు వచ్చినవాడిది. ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్లది, ఎవరి ఇంటి డబ్బు వాళ్లది. ఈ చరిత్ర తెలిశాక, ఎవడైనా ఓడిపోతే ముందు వాడి చేతిలో ఏముందో చూడాలనిపిస్తోంది. మన బడి వార్షికోత్సవంలో వీడియో గేమ్ పోటీ పెడితే కంప్యూటర్ గదిలోనే పెట్టాలని, అందరికీ ఒకే రకం సిస్టమ్, ఒకే రకం మౌస్ ఇవ్వాలని మా సార్‌ను అడగబోతున్నాను. మీరు కూడా నాతో పాటు అడగండి.