మన్యంలో తపాలా కొలువు

మనం ఇక్కడ రాసుకునే ప్రతి రచననూ టపా అంటున్నాము. ఎంత చక్కని మాట! టపా, టప్పా, తపాలు అని రూపాలు ఎన్ని ఉన్నా ఆ మాట వెనుక ఉన్నది ఒక్కటే: సంచి భుజాన వేసుకుని పరుగెత్తిన మనిషి. అటువంటి మనుషుల వారసులు అరకు, పాడేరు కొండల్లో ఇప్పటికీ కొలువులో ఉన్నారు. ఈ కొలువులో ఉండడమా, మానుకోవడమా అన్న ప్రశ్న వారి ముందుకు ఏ రూపంలో వచ్చిందో, అసలు వచ్చిందో లేదో, కొంతకాలంగా ఆలోచిస్తున్నాను. ఆ ఆలోచనలనే ఇక్కడ పొందుపరుస్తున్నాను.

విశాఖ మన్యాన్ని ఆంగ్లేయులు 1839 చట్టంతో మైదానపు న్యాయస్థానాల పరిధి నుండి తప్పించి, ఏజెంటు అధికారం కిందకు తెచ్చారు. ఏజెన్సీ అన్న పేరు అప్పటి నుండి వచ్చినదే. దేశమంతటికీ అర్ధణా తపాలా రేటు అమలులోకి వచ్చింది 1854లో. కానీ కొండలలో రేటు కన్నా కాళ్ళు ముఖ్యం. బండి నడవని దారిలో ఉత్తరం నడిచేది మనిషి కాళ్ళ మీదే. చేతిలో బల్లెం, దానికి గజ్జెలు, వీపున తోలుసంచి: ఇదీ రన్నరు వేషం. గజ్జెలు అలంకారానికి కాదు, అడవిలో మృగాలు తప్పుకోవడానికి. మైదానం నుండి వచ్చిన అధికారులకు మన్యపు జ్వరం అంటే ప్రాణభయం. కాబట్టి ఇక్కడి బరువులు ఇక్కడి వారే మోయవలసి వచ్చింది.

ఆ మోతకు తగిన కూలి ముట్టిందా అంటే, ఈ కొండల చరిత్ర ఆశాజనకమైన సమాధానం చెప్పదు. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ చింతపల్లి దారి వేయించిన తీరు మనకు తెలిసినదే. వెట్టి చాకిరీ, కూలిలో కోత, కొరడా. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేయడానికి ఉన్న కారణాలలో ఆ రోడ్డు పని ఒకటి. ఆ రామరాజు బొమ్మతో 1986లో తపాలా శాఖ బిళ్ళ విడుదల చేసింది. ఆ బిళ్ళ అంటించిన ఉత్తరాలను కొండ ఎక్కించిన వారిలో అత్యధికులు ఏ హోదాలో పనిచేశారు అన్నదే నా ప్రస్తుత విషయం.

వారిని ఆనాడు ఈడీలు అనేవారు. ఎక్‌స్ట్రా డిపార్ట్‌మెంటల్. తెలుగులో చెప్పాలంటే శాఖకు వెలుపలివారు. పల్లెలో పూర్తికాలపు ఉద్యోగిని పెట్టడానికి సరిపడా ఉత్తరాలు ఉండవు కనుక బడిపంతులుకో, దుకాణదారుకో, కాస్త భూమి ఉన్న రైతుకో రోజుకు కొన్ని గంటల పని అప్పగించడం పందొమ్మిదవ శతాబ్దంలోనే మొదలైంది. మన పాత కథల్లో బడిపంతులే పోస్టుమాస్టరు కావడం రచయితల కల్పన కాదు, ప్రభుత్వపు పొదుపు. నష్టం లేని ఏర్పాటే. అయితే ఆ పొదుపు చుట్టూ అల్లిన నిబంధనలు చూడండి. ఈడీ పోస్టుమాస్టరుకు వేరే జీవనాధారం ఉండాలి. ఆఫీసు నడపడానికి చోటు తానే చూపించాలి. ఇచ్చేది జీతం కాదు, భత్యం. 1964 నాటి నియమావళి వీరిని ఒక ప్రత్యేక జాతిగా స్థిరపరిచింది. 1977లో పి.కె. రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు వీరు సివిల్ పదవిలో ఉన్నవారేనని, కారణం చూపకుండా తొలగించడం చెల్లదని తీర్పు ఇచ్చింది. పదవి సివిల్ పదవి అయింది గాని రెగ్యులర్ సర్వీసులోకి మాత్రం చేర్చలేదు. గడప మీద నిలబెట్టి, లోపలికి రావద్దు, బయటికీ పోవద్దు అన్నట్టు. 2001లో పేరు మారి గ్రామీణ డాక్ సేవకులు అయ్యారు. సేవకుడు అన్న మాట గౌరవంగా ఉంటుంది, ఖర్చూ తక్కువ.

ఇక ఈ ఇంటి రెండో బిడ్డ కథ. 1985 వరకూ తపాలా, తంతి ఒకే శాఖ. ఒకే యూనియన్లు, ఒకే క్వార్టర్లు. ఆ ఏడు శాఖ రెండుగా చీలింది. టెలిఫోను భాగం 2000 అక్టోబరు 1న బి.ఎస్.ఎన్.ఎల్. సంస్థ అయింది. చీలిక నాటికి అన్నకన్నా తమ్ముడికే భవిష్యత్తు ఉందని అందరి అంచనా. ఫోను కోసం ఏళ్ళ తరబడి కాచుకునే కాలం కదా! 2019 ఫిబ్రవరి జీతాలు వేళకు అందలేదు. ఆ సంస్థ చరిత్రలో అటువంటి ముచ్చట అదే మొదలు. అక్టోబరు 23న కేంద్ర మంత్రివర్గం స్వచ్ఛంద పదవీ విరమణ పథకాన్ని ఆమోదించింది. యాభై ఏళ్ళు నిండినవారు అర్హులు. చేసిన ప్రతి ఏడాదికీ 35 రోజుల జీతం, మిగిలిన ప్రతి ఏడాదికీ 25 రోజుల జీతం లెక్కగట్టి ఇస్తామన్నారు. గడువు నవంబరు 4 నుండి డిసెంబరు 3 దాకా. ఉండిపోతే విరమణ వయసును 58కి తగ్గిస్తారన్న పుకారు కూడా ఆ నెలంతా నడిచింది. దేశం మొత్తం మీద 78,569 మంది సంతకం చేశారు. ఉద్యోగుల్లో సగానికి పైగా! 2020 జనవరి 31న వారందరూ ఒక్కరోజే ఇళ్ళకు వెళ్ళిపోయారు.

దీన్ని స్వచ్ఛందం అనడం మీద నాకు అనుమానాలు ఉన్నాయి. జీతం ఆలస్యం చేసి, పుకార్లను నడవనిచ్చి, ఆపైన నీ ఇష్టం అనడంలో ఇష్టం పాలు ఎంత? అయినా ఒక కాగితం వచ్చింది. దాని మీద రెండు వైపులా అంకెలు ఉన్నాయి. ఇంట్లో కూర్చుని భార్యాబిడ్డలతో లెక్క వేసుకునే వీలు కలిగింది. పిల్లవాడి ఇంజనీరింగు ఫీజు ఒక పక్క, పదేళ్ళ జీతం ఒక పక్క.

డుంబ్రిగుడ వైపు ఒక పల్లెలో బ్రాంచి పోస్టుమాస్టరు ఒకాయనను కలిసినప్పుడు ఈ తేడా నాకు మరింత స్పష్టమైంది. ఆయన 1987 నుండి ఈ పనిలో ఉన్నారు. తొలుత ఉత్తరాలు పంచే ఈడీగా, తరువాత పోస్టుమాస్టరుగా. పోస్టాఫీసు అంటే ఆయన ఇంటి అరుగే. ఒక బల్ల, తాళం వేసిన పెట్టె, గోడకు తగిలించిన ఎర్రబోర్డు. వెనుక సిల్వర్ ఓకు చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగ, కింద కాఫీ. "వేరే జీవనాధారం" అన్న నిబంధన ఈ కొండల్లో కాఫీ చెట్టు రూపంలో ఉంటుందన్న మాట. (అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గింజ ఏరేవారికి ఎంత గుర్తింపు వచ్చిందన్నది మరో టపాకు సరిపడే సంగతి.) ఆయన బావ టెలిఫోన్స్‌లో లైనుమన్. 2020లో విరమణ తీసుకుని విశాఖలో స్థిరపడ్డాడు.

"మాస్టారూ, మీకెప్పుడూ మానేద్దామనిపించలేదా?" అని అడిగాను.

ఆయన నవ్వి, "మా బావకి కాగితం వచ్చింది బాబూ. ఉంటావా, ఎల్తావా అని గవర్నమెంటే అడిగింది. నన్నెవుడు అడిగినాడు? మానేస్తే మాత్రం ఎక్కడికి పోతాను? ఆపీసు మా అరుగు మీదే కదా ఉన్నాది" అన్నారు.

నవంబరు కాఫీ పళ్ళు కోసే కాలం. ఆ 2019 నవంబరులో బావ అర్జీ పెట్టాలా వద్దా అని ఇద్దరూ కాఫీ కోస్తూనే మాట్లాడుకున్నారట. "ఆడి లెక్క నేనే కట్టి పెట్టినాను. నాకు లెక్కలు బాగొస్తాయి" అన్నారు. తన లెక్క కట్టుకున్నారా అని అడగబోయి ఆగాను. ఆయనే చెప్పారు. 2018 వరకూ ఎక్స్‌గ్రేషియా గ్రాట్యుటీకి 60 వేల రూపాయలు గరిష్ఠ పరిమితి. నెలనెలా పింఛను లేదు. ఆ తరువాత పరిమితి పెరిగింది గాని పింఛను మాత్రం రాలేదు. 2011లో మొదలైన సర్వీసు డిశ్చార్జి పథకం కింద ఖాతాలో జమ అవుతున్నది తన వయసువారికి ఎంత పోగవుతుందో ఆయనకు పైసలతో సహా తెలుసు.

ఈ పరిస్థితి ఉత్తినే మారలేదు. 2016 నవంబరులో కమలేశ్ చంద్ర కమిటీ నివేదిక ఇచ్చింది. అది అమలు కావాలని 2018 మే 22న గ్రామీణ డాక్ సేవకులు సమ్మెకు దిగి పదహారు రోజులు నిలిచారు. జూన్ 6న మంత్రివర్గం నిర్ణయం వెలువడింది. నాలుగు గంటల పనికి పోస్టుమాస్టరుకు 12,000, సహాయకునికి 10,000. అయిదు గంటలైతే 14,500, 12,000. దాని మీద కరువు భత్యం. ఆ కమిటీ సిఫారసులలో స్వచ్ఛందంగా తప్పుకునే పథకం కూడా ఒకటి ఉన్నది. చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది. పూర్తి ఉద్యోగమని ఒప్పుకోనిదాని నుండి స్వచ్ఛంద విరమణ! అయితే ఆలోచిస్తే, విరమణ ఉన్నదంటే కొలువు ఉన్నట్టే కదా. ఆ ఒక్క వాక్యంలో శాఖ తనకు తెలియకుండానే ఏదో ఒప్పుకున్నట్టు తోచింది.

రెగ్యులర్ పోస్టుమన్, గుమస్తాల సంగతి వేరు. ఇరవై ఏళ్ళు నిండితే మూడు నెలల నోటీసుతో తప్పుకునే హక్కు వారికి నియమావళిలోనే ఉన్నది. 2004కు ముందు చేరినవారికి పాత పింఛను ఉంటుంది కనుక, కొండ మీది పోస్టింగు, మోకాళ్ళ నొప్పులు, విశాఖలో ఉన్న పిల్లలు ఇవన్నీ తూచి వెళ్ళిపోయేవారు కనిపిస్తారు. 2004 తరువాత చేరినవారికి ఆ తూకం కుదరదు, చాలామంది ఉండిపోతారు. తపాలా శాఖ బి.ఎస్.ఎన్.ఎల్. మాదిరి పెద్ద పథకం ఏదీ పెట్టలేదు. పెట్టవలసిన అవసరమూ తక్కువే. 2001 మే నెల ఉత్తర్వుతో కేంద్ర కార్యాలయాల్లో నేరుగా భర్తీ చేయవలసిన ఖాళీలలో మూడో వంతే నింపాలన్న నియమం వచ్చింది. మనిషిని పంపనక్కర లేదు, వెళ్ళిన మనిషి కుర్చీని తీసేస్తే చాలు.

బయటి ప్రపంచంలోనూ ఇదే తూకం. 2025లో అమెరికా తపాలా సంస్థ 15,000 డాలర్ల ప్రోత్సాహంతో పదివేల మందిని ముందస్తు విరమణకు పిలిచింది. డెన్మార్కులో 1624 నుండి నడిచిన ఉత్తరాల బట్వాడాను పోస్ట్‌నార్డ్ 2025 డిసెంబరు 30తో ఆపివేసింది. అక్కడ ఉత్తరాలు లేవు. ఇక్కడ ఉత్తరాలు తగ్గినా పని తగ్గలేదు. 2006లో ఉపాధి హామీ మొదలైనాక మన రాష్ట్రంలో కూలి డబ్బు తపాలా ఖాతాల ద్వారా నడిచింది. 2018 సెప్టెంబరులో తపాలా పేమెంట్స్ బ్యాంకు వచ్చింది. పోస్టుమాస్టరు చేతికి వేలిముద్రల యంత్రం వచ్చింది. ఆ యంత్రానికి సిగ్నలు కావాలి. సిగ్నలు కోసం గట్టు ఎక్కి నిలబడడం ఈ కొండల్లో అందరికీ తెలిసిన వ్యాయామమే.

ఇక్కడే అన్నదమ్ముల కథలు మళ్ళీ కలుస్తాయి. 2022 జూలైలో కేంద్రం దేశంలో సెల్‌ఫోను అందని 24,680 గ్రామాలకు 4జి సేవ అందించే పనిని రూ.26,316 కోట్లతో తలపెట్టింది. ఆ పని అప్పగించినది బి.ఎస్.ఎన్.ఎల్.కే. సగానికి పైగా మనుషులను సాగనంపిన రెండున్నర ఏళ్ళకు! కొండదారులు తెలిసిన లైనుమన్లు అప్పటికి ఇళ్ళలో ఉన్నారు. మా పోస్టుమాస్టరు గారి బావ కూడా.

గ్రామీణ డాక్ సేవకులు 65 ఏళ్ళ దాకా ఉండవచ్చు. ఆయనకు ఇప్పుడు 61. మోకాలు నొప్పి. కొడుకు మానేయమంటున్నాడట. ఉన్నా మానేసినా డబ్బులో వచ్చే తేడాను ఆయన నాకు వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించారు. కానీ ఆయన్ను నిజంగా ఆపుతున్నది ఆ లెక్క కాదు. ఇప్పుడు ఈ నియామకాలు ఆన్‌లైనులో, పదో తరగతి మార్కుల మీద జరుగుతున్నాయి. ఎంపికైనవారు ఆ ఊరివారే కానక్కర లేదు, ఎంపికయ్యాక వచ్చి అక్కడ కాపురం పెడితే చాలు. తెలుగు చదివి ఉండాలన్న నిబంధన ఉన్నది. అయితే ఆయన దగ్గరికి వచ్చే ముసలమ్మలలో తెలుగు రానివారు ఉన్నారు. కొందరిది ఆదివాసీ ఒడియా, కొందరిది కువి.

"మొన్న ఒక ముసిల్ది వచ్చింది బాబూ. వేలు అరిగిపోయింది, ముద్ర పడదు. నాలుగుసార్లు పెట్టించి, నూనె రాయించి, తుడిపించి, ఐదోసారికి పడింది. కొత్తగా వచ్చినోడు ఐదోసారి దాకా ఉంటాడా?" అన్నారు.

ఆ మాట అనేసి, సంచి వచ్చే వేళ అయిందని లేచి, అరుగు ఊడ్వడం మొదలుపెట్టారు.