ఫర్నేసు ఫిల్టరు

ఫర్నేసు ఫిల్టరు అనగా ఇంటి మొత్తానికి ఒకే యంత్రం ద్వారా వేడిగాలిని, చల్లగాలిని పంపే వ్యవస్థలో అమర్చే వడపోత సాధనము. అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడా దేశాల ఇళ్ళలో ఇటువంటి వ్యవస్థ సర్వసాధారణము. గదులలోని గాలి గొట్టాల గుండా యంత్రానికి చేరి, చలికాలంలో వేడెక్కి, వేసవిలో చల్లబడి, మరల గదులకు పోతుంది. గాలి యంత్రంలో ప్రవేశించే చోట ఈ ఫిల్టరు ఉంటుంది. పేరు ఫర్నేసుదే అయినా ఏసీకి కూడా పనిచేసేది ఇదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇళ్ళలోని స్ప్లిట్ ఏసీలలో ఉండేది కడిగి మళ్ళీ వాడుకొనే సన్నని వల. ఈ వ్యాసంలోని లెక్కలు దానికి వర్తించవు.

ప్రయోజనము

ఈ ఫిల్టరు మొదట ఏర్పడినది మనుషుల కోసం కాదు, యంత్రం కోసం. ఫ్యాను రెక్కల మీద, గాలిని చల్లబరచే కాయిల్ మీద దుమ్ము పేరుకొనకుండా చూడడమే దాని పని. ఇందుకు పలుచని గాజునార ఫిల్టరు కూడా కొంతవరకు చాలును. ఇంట్లోని వారి ఊపిరితిత్తులను కాపాడవలెనంటే మాత్రం అది చాలదు.

మెర్వ్ సంఖ్య

తాపన, శీతలీకరణ ఇంజనీర్ల సంఘమైన ఆష్రే 1999లో ప్రచురించిన 52.2 ప్రమాణం ప్రకారం ఫిల్టర్లకు 1 నుండి 16 వరకు మెర్వ్ సంఖ్య ఇస్తారు. పరీక్షలో కణాలను 0.3-1, 1-3, 3-10 మైక్రాన్లు అని మూడు తరగతులుగా విభజిస్తారు. మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. పుప్పొడి రేణువులు చాలావరకు 10 మైక్రాన్లకు మించి ఉంటాయి. పొగలోని కణాలలో అత్యధికం 1 మైక్రాన్ కంటె చిన్నవి.

మెర్వ్ 8 ఫిల్టరు పెద్ద తరగతి కణాలలో కనీసం 70 శాతాన్ని ఆపవలెను. అతిచిన్న తరగతి విషయంలో దానికి ఏ నిబంధనా లేదు. మెర్వ్ 11కు అతిచిన్న తరగతిలో 20 శాతము, మెర్వ్ 13కు 50 శాతము కనీస అర్హత. కనుక పొగ విషయంలో 8కి, 13కి గల భేదం అంకెలలో కనిపించే దానికంటె చాలా ఎక్కువ. దుకాణాలలో త్రీఎం సంస్థ ఎంపీఆర్ అనీ, హోం డిపో ఎఫ్‌పీఆర్ అనీ వేరే కొలమానాలు వాడుతాయి. వీటిని మెర్వ్‌తో కలిపి చూడరాదు.

ఫిల్టరు జల్లెడ వంటిదని చాలామంది అనుకుంటారు. నిజానికి నార సందుల కంటె ఎంతో చిన్న కణాలు కూడా అందులో చిక్కుతాయి. పెద్ద కణం గాలితోపాటు మలుపు తిరగలేక నారకు ఢీకొంటుంది. అతిచిన్న కణం అటూ ఇటూ తడబడుతూ పోయి నారకు అంటుకొంటుంది. ఈ రెంటికీ నడుమ, సుమారు 0.3 మైక్రాన్ల వద్ద ఉన్న కణాన్ని పట్టడమే కష్టము. అందుకే 99.97 శాతం ఆపవలసిన హెపా ఫిల్టరును ఆ పరిమాణం వద్దనే పరీక్షిస్తారు. సాధారణ గృహ యంత్రాల ఫ్యాను హెపా గుండా చాలినంత గాలిని లాగలేదు.

గాలికి అడ్డు

పెద్ద సంఖ్య గల ఫిల్టరే మంచిదన్న అభిప్రాయం పొరపాటు. ఒకే కొలత గల ఫిల్టర్లలో నేత సన్నగిల్లినకొద్దీ సాధారణంగా గాలికి అడ్డు పెరుగుతుంది. పాతరకం మోటారు గల ఫ్యాను అప్పుడు తక్కువ గాలిని పంపుతుంది. కొత్తరకం మోటారు వేగం పెంచుకొని ఎక్కువ విద్యుత్తు తీసుకొంటుంది. గాలి మరీ తగ్గితే వేసవిలో కాయిల్ మీద మంచు గడ్డకడుతుంది. చలికాలంలో ఫర్నేసు మితిమీరి వేడెక్కి, రక్షణ స్విచ్ వలన మాటిమాటికీ ఆగిపోతుంది.

దీనికి మందు ఫిల్టరు వైశాల్యంలో ఉన్నది. ఒక టన్ను ఏసీకి నిమిషానికి సుమారు 400 ఘనపు అడుగుల గాలి కావలెను. 3 టన్నులకు 1,200. ఫిల్టరు 16 × 25 అంగుళాలైతే దాని వైశాల్యం 2.78 చదరపు అడుగులు, గాలి వేగం నిమిషానికి సుమారు 432 అడుగులు. 20 × 25 అయితే 346. మొదటి కొలత ఫిల్టర్లు రెండు వేరువేరు ద్వారాల వద్ద ఉంటే 216 మాత్రమే. వేగం తగ్గినకొద్దీ అడ్డు తగ్గుతుంది. మందం పెంచినా ఇదే లాభము: 4 అంగుళాల ఫిల్టరులో మడతలు లోతుగా ఉండి, నేత వైశాల్యం 1 అంగుళం దానికంటె ఎన్నో రెట్లు ఉంటుంది. అయితే అది పట్టే పెట్టెను మెకానిక్ బిగించవలెను. అనేక యంత్రాలను 0.5 అంగుళాల నీటిమట్టపు పీడనానికి, అనగా సుమారు 125 పాస్కల్‌లకు రూపొందిస్తారు. ఫిల్టరు మార్చాక పీడనం ఎంత ఉన్నదో మెకానిక్ మానోమీటరుతో కొలిచి చెప్పగలడు.

ఎంపిక

ఇంట్లో ఎవరికీ శ్వాస సంబంధమైన బాధ లేకపోతే మెర్వ్ 8 యంత్రానికి సరిపోతుంది. ఉబ్బసం, అలర్జీ ఉన్నవారు, పసిపిల్లలు, వృద్ధులు ఉంటే 13 మేలు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సలహా కూడా 13, లేదా యంత్రం భరించగల గరిష్ఠ సంఖ్య అనే. 2023 జూన్‌లో కెనడా కార్చిచ్చుల పొగ న్యూయార్క్, న్యూజెర్సీలను కమ్మినప్పుడు ఈ భేదం ముఖ్యమైనది. యంత్రం 13ను భరించలేకపోతే, అటువంటి ఫిల్టర్లను పెట్టె ఆకారంలో కూర్చి పైన బాక్స్ ఫ్యాను పెట్టుకొనవచ్చును. 2020లో వాడుకలోకి వచ్చిన ఈ పరికరాన్ని రిచర్డ్ కోర్సీ, జిమ్ రోజెంతాల్ పేర్ల మీద కోర్సీ-రోజెంతాల్ బాక్స్ అంటారు.

తాలింపు పొగ, అగరుబత్తి పొగ కూడా సన్నని కణాలే. తెలుగువారి వంటిళ్ళకు ఇది వర్తిస్తుంది. పొయ్యి మీది పొగను బయటకు పంపే ఫ్యాను ముందు ఉండవలెను, ఫిల్టరు దాని తరువాతే. వాసనలకు, వాయువులకు మెర్వ్ సంఖ్యతో సంబంధం లేదు. ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్‌ను ఏ ఫర్నేసు ఫిల్టరూ ఆపదు. గ్యాసు ఫర్నేసు ఉన్న ఇంట్లో దానిని పసిగట్టే అలారం వేరుగా ఉండవలసినదే.

అమర్చుట

అట్టమీది కొలత కంటె అసలు కొలత పావు నుండి అర అంగుళం తక్కువ ఉంటుంది. అంచుల వద్ద సందు మిగిలితే గాలి వడకట్టబడకుండానే పోతుంది. చట్రం మీది బాణం గుర్తు ఫ్యాను వైపు చూపవలెను. 1 అంగుళం ఫిల్టరును 1 నుండి 3 నెలలకు, 4 అంగుళాల దానిని 6 నుండి 12 నెలలకు మార్చుతారు. పొగ రోజులలో ఇంకా ముందే మార్చవలసి రావచ్చును. మడతల ఫిల్టర్లను కడగరాదు. ఫ్యాను ఆగినప్పుడు వడపోత కూడా ఆగుతుంది కనుక, పొగ ఉన్నంతకాలం థర్మోస్టాట్‌లో ఫ్యానును ‘ఆటో’ నుండి ‘ఆన్’కు మార్చి ఉంచుతారు.